80 కిలోమీటర్ల రైడ్ పొద్దున గుర్రానికి బెల్లం, గ్లూకోజు ఎంత పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రేసుల నుంచి బయటికొచ్చిన ఎనిమిదేళ్ల థరోబ్రెడ్ (రేసు జాతి) గెల్డింగ్ (విత్తులు కొట్టిన మగ గుర్రం), బరువు 430 కిలోలు, మొయినాబాద్ దగ్గర ఫామ్‌లో ఉంటుంది. 40 కి.మీ. ఎండ్యూరెన్స్ రైడ్లు (దూరపు ఓర్పు పందేలు) రెండు బాగానే పూర్తిచేసింది. జనవరిలో మొదటిసారి 80కి దింపుతున్నారు. ప్రాక్టీసులో మాత్రం 50 దాటేసరికి తల వేలాడేసి కాళ్లీడుస్తోంది. రైడ్ రోజు పొద్దున్నే కిలో బెల్లం, బయల్దేరే అరగంట ముందు బకెట్ నీళ్లలో అరకిలో గ్లూకోజు పొడి పెట్టమని మీ సయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) చెప్తున్నాడు. అది సరిపోతుందా, ఇంకా పెంచాలా అని మీ ప్రశ్న.

బయల్దేరే ముందు బెల్లమూ వద్దు, గ్లూకోజూ వద్దు, దానా కూడా వద్దు. దానా స్టార్ట్‌కి కనీసం 4 గంటల ముందే ఆగిపోవాలి. గడ్డి మాత్రం రాత్రంతా, జీను కట్టేదాకా ముందుండాలి. తీపి ఇవ్వాలనుకుంటే మొదటి వెట్ గేట్ (దారిలో ఆపి పశువైద్యుడు గుర్రాన్ని చూసే మజిలీ) నుంచి మొదలుపెట్టండి. గేట్‌కి 100–150 గ్రాములు చాలు, అదీ తడి మేతలో కలిపి. పరిమాణం కంటే ఇచ్చే వేళ ముఖ్యం. ఇకపోతే, మీ గుర్రం 50 దగ్గర చతికిలబడటానికి కారణం చక్కెర తక్కువ కావడమే అని ఇప్పుడే తేల్చేయకండి. ఆ సంగతి కింద రాశాను.

ముందు వేళ ఎందుకంత ముఖ్యమో చూద్దాం. మీ గుర్రం సైజు జంతువుకి కండల్లో గ్లైకోజెన్ రూపంలో దాదాపు 4 కిలోల పిండిపదార్థం నిల్వ ఉంటుంది. కాలేయంలో ఉండేది రెండు వందల గ్రాముల ప్రాంతం. రక్తంలో ఏ క్షణంలో చూసినా దాదాపు 20 గ్రాములే, అంటే నాలుగైదు టీస్పూన్లు. మెదడు ఆధారపడేది ఆ 20 గ్రాముల మీదే. అది తరుగుతున్నకొద్దీ కాలేయం తన నిల్వలోంచి పోస్తూ ఉంటుంది. కండల్లో 4 కిలోలున్నా రక్తానికి ఉపయోగం లేదు, ఎందుకంటే కండ గ్లైకోజెన్‌ని విడి గ్లూకోజుగా మార్చి బయటికి వదిలే ఎంజైము కండకు లేదు. తొడ కండలో ఉన్నది తొడ కండే కాల్చుకోవాలి. కొవ్వు నిల్వ మాత్రం పదుల కిలోలు. దాన్ని 80 కాదు, 160 కి.మీ.లో కూడా ఖాళీ చేయలేరు.

అంటే ఎండ్యూరెన్స్ గుర్రాన్ని తయారుచేయడమంటే కొవ్వు మీద నడిపిస్తూ ఆ 4 కిలోలని, ఆ రెండు వందల గ్రాముల్ని ఆఖరి లూప్ (రెండు గేట్ల మధ్య చుట్టు) దాకా కాపాడుకోవడమే. గంటకు 12–15 కి.మీ. ట్రాట్‌లో (జోరు నడకలో), పల్స్ 120–140 మధ్య ఉంటే, బాగా తయారైన గుర్రం ఎక్కువ భాగం కొవ్వు మీదే పోతుంది. పల్స్ 160 దాటుతుంటే గ్లైకోజెన్ గబగబా కరగడం, లాక్టేట్ పేరుకోవడం మొదలవుతాయి. ఆక్సిజన్ అందక గ్లైకోజెన్‌ని లాక్టేట్ దాకా మాత్రమే విరగ్గొడితే, పూర్తిగా కాల్చినప్పుడు వచ్చే శక్తిలో పదో వంతు కూడా చేతికి రాదు. అనంతగిరి లాంటి ఎత్తు మీద ఒక్క పది నిమిషాలు క్యాంటర్ (నిదానపు దౌడు) చేయించారంటే, చదునులో గంటసేపు ట్రాట్‌లో పొదుపు చేసింది అక్కడే పోతుంది.

ఇప్పుడు బెల్లం పెడితే ఏమవుతుందో చూడండి. తీపిగానీ దానాగానీ తిన్న గంట, రెండు గంటల్లో ఇన్సులిన్ బాగా పైకెళ్తుంది. ఇన్సులిన్ రెండు పనులు చేస్తుంది: కొవ్వు కణాల్లోంచి కొవ్వు బయటికి రాకుండా తలుపు మూస్తుంది, రక్తంలోని చక్కెరని కండల్లోకి తోస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు జీను బిగించి ట్రాట్ మొదలుపెడతారు. పనిచేస్తున్న కండ ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే చక్కెర లాక్కుంటుంది. రెండూ కలిసేసరికి మొదటి అరగంటలో రక్తంలో చక్కెర పెరక్కపోగా పడిపోతుంది. కొవ్వు తలుపు మూసుంది కాబట్టి లోటు పూడ్చాల్సింది కండ గ్లైకోజెన్, కాలేయం. చివరి 30 కి.మీ.కి దాచుకోవాల్సింది మొదటి 10 కి.మీ.లోనే తగలేశారన్నమాట. కిలో బెల్లంలో ఎనిమిది వందల గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. దానికి అరకిలో గ్లూకోజు కలిపితే ఒంటి బరువులో కిలోకి 3 గ్రాములు. ఇంత తీపి ఒక్కసారి పడితే పేగు ఒంట్లోని నీటిని తనలోకి లాగుతుంది. పేడ పల్చబడే గుర్రాలూ ఉంటాయి. ఎండలో పరిగెత్తబోయే ముందు నీటిని పేగులోకి మళ్లించడం ఎవరికి లాభం?

మీ సయీసు మాట గాల్లోంచి రాలేదు, మలక్‌పేట రేసు అలవాటు అది. 1200 మీటర్ల రేసు నిమిషం పైచిలుకులో అయిపోతుంది. అక్కడ ఇంధనం దాదాపు అంతా కండ గ్లైకోజెనే, కొవ్వుకి అంత టైము ఉండదు. అందుకే రేసు గుర్రానికి దానా మీద దానా పడుతుంది. ఆరు గంటలు నడవాల్సిన గుర్రానికి అదే పళ్లెం పెడితే లెక్క తలకిందులవుతుంది. పైగా మీది రేసు రక్తం కాబట్టి అరబ్బీ జాతి గుర్రంతో పోలిస్తే వేగంగా బిగిసే కండ పోగులు ఎక్కువ, అవి గ్లైకోజెన్ తినే పోగులు. అదే వేగానికి అరబ్బీ కంటే మీ గుర్రం ఎక్కువ చక్కెర ఖర్చుచేస్తుంది. దీన్ని తీపితో పూడ్చలేం. నెలల తరబడి నిదానమైన దూరపు పనితో, మేత మార్పుతో కొంత సరిదిద్దవచ్చు.

మరి గేట్‌లో ఇస్తే అదే ఇన్సులిన్ లేవదా? లేస్తుంది, కానీ తక్కువగా. పనిలో ఉన్న ఒంట్లో అడ్రినలిన్, నారడ్రినలిన్ ఇన్సులిన్ విడుదలని అణిచి ఉంచుతాయి. గేట్‌లోకి వచ్చాక కూడా ఆ ప్రభావం కాసేపుంటుంది. అందుకే పల్స్ 64 లోపు పడి, వెట్ చూశాక మొదటి పదిహేను నిమిషాల్లోనే మేత పెట్టేయాలి. 40 నిమిషాల విరామంలో 35వ నిమిషంలో గుర్తొచ్చి పెట్టేది పెట్టకపోయినా ఒకటే. నేను వాడే పాళ్లు ఇవి, ఒక గేట్‌కి, 430 కిలోల గుర్రానికి:

చితగ్గొట్టిన ఓట్స్ 300 గ్రాములు, రెండు గుప్పెళ్ల గోధుమ చోకర్ (పొట్టు), గుప్పెడు తరిగిన ఎండు లూసర్న్ (పశుగ్రాసపు మొక్క), మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి 100 గ్రాములు (లేకపోతే మామూలు గ్లూకోజు పొడి అంతే), నీళ్లు 4–5 లీటర్లు. చేతిలోకి తీసుకుంటే జారిపోయేంత పల్చగా ఉండాలి, ముద్దలా కాదు. ఓట్స్, లూసర్న్ గంట ముందే నానేసి ఉంచాలి. పొడి చివర్లో కలపాలి, లేకపోతే మధ్యాహ్నం వేడికి రెండు గంటల్లో పులిసిన వాసనొస్తుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ ఎందుకంటే, గ్లూకోజంత తీపి ఉండదు, అదే బరువుకి పేగులోకి నీటిని లాగే గుణం తక్కువ. జిమ్ సరుకులమ్మే షాపుల్లో దొరుకుతుంది. ఏ రుచీ కలపని సాదా పొడే కొనండి.

వరుస కూడా ముఖ్యం. ముందు నీళ్లు, తర్వాత తడిపిన గడ్డి నాలుగు నోళ్లు, అప్పుడు ఈ మాష్ (తడి మేత), మళ్లీ గడ్డి. తినకపోతే బలవంతం లేదు. సిరంజితో గొంతులో పోయడం అసలొద్దు. మేత ముట్టని గుర్రం మీకేదో చెప్తోంది, వెట్‌ని పిలిచి పేగుల చప్పుడు వినమనండి. ఇంకో జాగ్రత్త: తీపి కలిపిన నీళ్ల బకెట్ పక్కన ఎప్పుడూ మామూలు నీళ్ల బకెట్ ఒకటి ఉండాలి. తీపి నీళ్లకి అలవాటుపడి దారిలో చెరువు నీళ్లు ముట్టని గుర్రాలుంటాయి.

ఉప్పు లేకుండా చక్కెర గురించి మాట్లాడటం దండగ. పేగులో గ్లూకోజు లోపలికెళ్లేది చాలావరకు సోడియంతో జతకట్టి. గుర్రం చెమట మన చెమటలా పల్చన కాదు, లీటరుకి దాదాపు 9–10 గ్రాముల ఉప్పులు పోతాయి. ఎండలో కష్టపడితే గంటకి 10 లీటర్ల చెమట పెద్ద విషయం కాదు. చాలామంది మనుషుల ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది చించి బకెట్‌లో పోసి చేతులు దులుపుకుంటారు. లెక్క వేయండి: లీటరు ప్యాకెట్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు. పది ప్యాకెట్లు పోసినా గుర్రానికి అందే ఈ రెండు ఉప్పులు 41 గ్రాములు, అంటే నాలుగు లీటర్ల చెమట ఖరీదు. దానికంటే ఇంట్లో మూడు పాళ్లు మామూలు ఉప్పు, ఒక పాలు పొటాషియం క్లోరైడ్ కలిపి పెట్టుకుని, గేట్‌కి 50 గ్రాములు ఆ మాష్‌లోనే కలపడం నయం. నీళ్లు తాగని గుర్రానికి మాత్రం ఉప్పు పెట్టకూడదు. ఖాళీ కడుపులో ఉప్పు ముద్ద పిండితే అల్సర్లు రేగుతాయి, దప్పికగొన్న ఒంట్లోంచి ఇంకా నీరు పేగులోకి పోతుంది.

ఇక రైడ్‌కి ముందు నెలల సంగతి. మీరు రాసిన మేతలో రెండు తప్పులు కనపడ్డాయి.

మొదటిది, రోజుకి 20 కిలోల పచ్చి హరియాలీ పెడుతున్నాం, గడ్డికేం తక్కువ లేదంటున్నారు. పచ్చి గరికలో ముప్పాతిక వంతు నీళ్లే. 20 కిలోలంటే ఎండు లెక్కన 5 కిలోలు. మీ గుర్రానికి ఎండు లెక్కన కనీసం 6.5 కిలోలు, పనిలో ఉన్నప్పుడు 8 కిలోల దాకా మేత కావాలి. పచ్చిది 20 ఉంచి, పైన ఎండు గడ్డి 3 కిలోలు కలపండి. వరిగడ్డి దీని కిందికి రాదు, దాన్ని గుర్రం పడుకునే పక్కగా వేసుకోండి. గడ్డి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పెద్దపేగులో నార పులిసి పుట్టే కొవ్వు ఆమ్లాలు గంటల తరబడి సన్నగా శక్తినిస్తూనే ఉంటాయి. వాటిలో ప్రొపియోనేట్‌తో కాలేయం గ్లూకోజు తయారుచేసుకుంటుంది. రాత్రి తిన్న గడ్డి మధ్యాహ్నం మూడో లూప్‌లో చక్కెరగా పనికొస్తుందన్నమాట, ఇన్సులిన్‌ని లేపకుండా. పైగా నిండిన పెద్దపేగు నీళ్ల ట్యాంకు కూడా.

రెండోది, ఓట్స్ రోజుకి 5 కిలోలు రెండు పూటలు. ఓట్స్‌లో స్టార్చ్ 40 శాతం పైన. పూటకి రెండున్నర కిలోలంటే కిలో స్టార్చ్, ఒంటి బరువులో కిలోకి 2.3 గ్రాములు. ఇంత స్టార్చ్‌ని చిన్నపేగు అరిగించుకోలేదు. మిగిలింది పెద్దపేగులో పడి ఆమ్లంగా మారుతుంది. కడుపునొప్పి, గిట్టల వాపు, అల్సర్లు, దేనికైనా దారే. పూటకి ఒంటి బరువులో కిలోకి 1 గ్రాము స్టార్చ్, అంటే మీకు కిలో ఓట్స్, దాటొద్దు. బార్లీ అయితే 800 గ్రాములు. మొక్కజొన్న ఉడకబెట్టకుండా పెట్టొద్దు. ఓట్స్ రెండున్నర కిలోలకి తగ్గించి మూడు పూటలు చేయండి. ఉడికించిన ఉలవలు 200 గ్రాముల దాకా ఫరవాలేదు. పచ్చివి అరగవు, ఎక్కువైతే మాంసకృత్తుల వేడి, మూత్రంలో ఘాటు.

తగ్గించిన దానా లోటుని నూనెతో పూడ్చండి. తవుడు నూనె, అంటే వంటకి వాడే రిఫైన్డ్ రైస్ బ్రాన్ నూనె. రోజుకి 50 మి.లీ.తో మొదలుపెట్టి నాలుగైదు రోజులకోసారి 50 పెంచుతూ 250 మి.లీ. దగ్గర ఆపండి. పూటలుగా విడగొట్టి దానాలో కలపాలి. 250 మి.లీ. నూనె దాదాపు 2 మెగా క్యాలరీలు, అంటే 700 గ్రాముల ఓట్స్ పెట్టు. పేడ జిడ్డుగా, వదులుగా వస్తే ఒక మెట్టు వెనక్కి రండి. కండ కొవ్వుని కాల్చడం నేర్చుకోవడానికి వారాలు పడుతుంది, కాబట్టి జనవరి రైడ్‌కి నవంబరు మొదట్లోనే మొదలవ్వాలి. రైడ్‌కి రెండు వారాల ముందు నూనె కొత్తగా మొదలుపెట్టడం కంటే అసలు పెట్టకపోవడం మేలు. నూనెతో పాటు విటమిన్ ఇ రోజుకి 1000 యూనిట్లు ఇవ్వండి. నెయ్యి పెట్టే అలవాటు మనవైపు ఉంది. దాంట్లో తవుడు నూనెకి మించిన గొప్పేం లేదు, ఖర్చు తప్ప.

నూనె బదులు మిల్లు తవుడే పెడతామంటారేమో. తాజా తవుడు కొన్ని రోజుల్లో ముక్క వాసన పడుతుంది. పైగా దాంట్లోనూ చోకర్‌లోనూ ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి కిలోలకొద్దీ పెడితే ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది, దవడ ఎముక ఉబ్బుతుంది. చోకర్ పూటకి గుప్పెళ్ల లెక్కే, కిలోల లెక్క కాదు. లూసర్న్ దానికి విరుగుడే గానీ, అదీ మితంగానే. రోజూ విపరీతంగా కాల్షియం తిన్న గుర్రం రైడ్‌లో అవసరమైనప్పుడు ఎముకల్లోంచి కాల్షియం తీసుకోలేదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్కలు ఎగిరిపడే జబ్బు వస్తుంది. రోజుకి ఎండు లూసర్న్ ఒక కిలో దగ్గర ఆగండి.

ఇప్పుడు ఆ 50 కి.మీ. సమస్య. చక్కెర వల్లేనా కాదా తేల్చడానికి ప్రాక్టీసులో స్టార్ట్‌కి ముందు, 30 దగ్గర, 50 దగ్గర రక్తంలో చక్కెర చూడండి. మనుషుల గ్లూకోమీటర్ గుర్రం రక్తంలో కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. అందుకే ఒక్క అంకె పట్టుకోకుండా, అదే మీటర్‌తో తీసిన మూడింటినీ పోల్చాలి. 90 దగ్గర మొదలై 60 వైపు జారితే కాలేయం అడుగంటుతోంది, గేట్ మాష్ పనిచేస్తుంది. 90 అలాగే ఉండి గుర్రం ఈడుస్తుంటే, మీరు బెల్లం బస్తా పెట్టినా మారదు. అప్పుడు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

పల్స్ చూడండి. గేట్‌లో 60 ఉందనుకోండి, 40 మీటర్లు పోనిచ్చి వెనక్కి ట్రాట్ చేయించి, ట్రాట్ మొదలైన క్షణం నుంచి సరిగ్గా నిమిషానికి మళ్లీ లెక్కపెట్టండి. 60 లేదా తక్కువ ఉంటే మంచిది. 4 పెరిగితే అనుమానించాలి. 8 పెరిగితే నేను ఇంకో లూప్‌కి పంపను. అలసటా, ఉప్పు లోటా, నొప్పా అన్నది అప్పుడు విడదీసుకోవాలి. చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు రాకపోతే నీటి లోటు. ట్రాట్‌లో తల ఊపుతుంటే కాలు. మన దక్కను రాతి నేల మీద నాడా (లాడం) కాస్త అరిగినా 50 కి.మీ.కి గిట్ట అడుగు నొచ్చుతుంది. ఆ నొప్పికే పల్స్ పైనుంటుంది, అందరూ బలం చాల్లేదనుకుంటారు. వెనక తొడలు రాయిలా బిగిసి, మూత్రం కాఫీ రంగులో వస్తే అడుగు కూడా వేయించొద్దు, అక్కడే వెట్‌ని రప్పించండి.

ఇంకో కారణం చాలాసార్లు కనపడుతుంది. శనివారం గట్టి పని, మంగళవారం మళ్లీ గట్టి పని. గుర్రం కండలో గ్లైకోజెన్ పూర్తిగా నిండటానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. మనుషుల్లా రాత్రి అన్నం తిని పొద్దుటికి నింపుకోలేదు. పిండిపదార్థం ఎక్కువ పెట్టినా ఆ వేగం పెద్దగా పెరగదు. కాబట్టి రైడ్‌కి ముందు నాలుగు రోజులు గట్టి పని ఆపి, రోజూ అరగంట నడక, తేలిక ట్రాట్ చాలు. పని తగ్గిన రోజుల్లో ఓట్స్ కూడా సగానికి దించాలి. పని లేదు, దానా నిండుగా ఉంది అన్న గుర్రమే మర్నాడు కండలు బిగేసుకుంటుంది.

రైడ్ రోజు 5:30కి స్టార్ట్ అనుకుందాం. ముందురోజు రాత్రి 9కి ఆఖరి దానా, కిలో ఓట్స్, నూనెతో. తర్వాత రాత్రంతా గడ్డి. తెల్లవారుజామున 4కి లేచి తడిపిన గడ్డి కిలో, నీళ్లు, మరేమీ లేదు. పక్క లాయంలో దానా చప్పుడు విని మీది అరిచి గోల చేస్తుంది, లొంగకండి. మొదటి లూప్ నిదానంగా, పల్స్ 140 లోపే పోనివ్వండి.

ఫినిష్ తర్వాత కూడా దానా తొందరొద్దు. వెట్ చూసి పేగుల చప్పుడు నాలుగు వైపులా బాగుందన్నాకే గంట, రెండు గంటల తర్వాత అరకిలో ఓట్స్ తడి మాష్, ఉప్పుతో. అప్పటిదాకా నీళ్లు, గడ్డి. నీరు, ఉప్పు నిండితేనే గ్లైకోజెన్ కూడా సరిగ్గా నిండుతుంది. మామూలు దానా లెక్కకి రెండో రోజు సాయంత్రం నుంచి రండి.

డిసెంబరులో ఒక 60 కి.మీ. ప్రాక్టీసు ఇదే మాష్‌తో, ఇదే టైములతో చేసి చూడండి. రైడ్ రోజు కొత్త వస్తువు ఏదీ గుర్రం నోటికి తగలకూడదు. మనుషుల ఎనర్జీ జెల్లులు, ఎనర్జీ డ్రింకులు లాయం దగ్గరికే రానివ్వకండి, చాలావాటిలో కెఫీన్ ఉంటుంది, అది పోటీ పరీక్షలో పట్టుబడుతుంది. ప్రాక్టీసులో గేట్‌కి గేట్‌కి తాగిన నీళ్లు, మాష్ ఎంత మిగిల్చింది, పల్స్ 64కి పడటానికి పట్టిన నిమిషాలు, ఆ మూడు చక్కెర అంకెలు రాసి ఇక్కడే పెట్టండి. 100 గ్రాములు ఉంచాలా, 150కి పెంచాలా అన్నది అవి చూసి చెప్తాను.